డాలర్లు కట్టినా కేసు పోదు

న్యూజెర్సీలోని హోబోకెన్ పట్టణంలో 2024 మార్చిలో ఇద్దరు తెలుగు విద్యార్థినులు అరెస్టయ్యారు. సూపర్ మార్కెట్‌లో కొన్ని వస్తువులకు బిల్లు కట్టలేదన్నది ఆరోపణ. రెట్టింపు కడతానని ఒకరు అన్నా పోలీసులు వినలేదు. షాపుతో లెక్క వేరు, సర్కారుతో లెక్క వేరు అన్న సంగతి ఈ అరెస్టు వీడియో చూసినవాళ్లలో ఎందరికి అర్థమైందో! గల్ఫ్ వీసాలకు అప్పులు తెచ్చిన నిర్మల్ జిల్లాలో ఇప్పుడు అమెరికా చదువులకూ అప్పులు తెస్తున్నారు. షాపు లెక్కకూ సర్కారు లెక్కకూ ఉన్న తేడా ఇక్కడి తల్లిదండ్రులకు తెలిసి తీరాలి.

అమెరికాలో ఇలాంటి ఘటన జరిగాక కొన్ని వారాలకు ఇంటికి ఓ ఉత్తరం రావచ్చు. పైన లాయర్ల సంస్థ పేరు, మధ్యలో చట్టం సెక్షన్, కింద కట్టాల్సిన డాలర్లు, గడువు. సరుకు వెనక్కి తీసుకున్నా సరే, ఉత్తరం రావచ్చు. ఈ ‘సివిల్ డిమాండ్ లెటర్’కు దాదాపు అన్ని రాష్ట్రాల్లోనూ చట్టం అండ ఉంది. న్యూజెర్సీలో నష్టంతో పాటు 150 డాలర్ల దాకా, కాలిఫోర్నియాలో 50 నుంచి 500 డాలర్ల దాకా అడగొచ్చు.

చూడ్డానికి కోర్టు నోటీసులా ఉన్నా ఇది కోర్టు వేసిన జరిమానా కాదు, షాపు అడుగుతున్న సొమ్ము. కట్టకపోతే షాపు సివిల్ దావా వేయొచ్చు. అంతే తప్ప కట్టకపోవడమే నేరం కాదు. కట్టినంత మాత్రాన క్రిమినల్ కేసూ ఆగదు, అరెస్టు రికార్డూ చెరగదు. ‘ఎప్పుడైనా అరెస్టయ్యారా?’ అని వీసా దరఖాస్తు అడిగితే ఆ రసీదు అక్కరకు రాదు. దొంగతనం చేస్తే వీసా రద్దు కావచ్చని ఢిల్లీలోని అమెరికా రాయబార కార్యాలయం 2025 జూలైలో హెచ్చరించింది.

చేతివాటం వల్ల వచ్చే నష్టం చివరికి నిజాయితీగా కొనేవారి నెత్తినే పడుతుందన్న వ్యాపారుల వాదనలో నిజం ఉంది. కానీ సరుకు చెక్కుచెదరకుండా అరలోకి చేరాక వందల డాలర్లు అడిగితే దాన్ని పరిహారం అనగలమా? కాపలా ఖర్చు ఇప్పించాలని బ్రిటన్‌లో ఓ షాపు ఇద్దరు టీనేజర్లపై వేసిన దావాను 2012లో ఆక్స్‌ఫర్డ్ కౌంటీ కోర్టు కొట్టేసింది. దొరికినవారిని భయపెట్టి, బుద్ధి మార్చే ‘క్లాసు’ పేరుతో వందల డాలర్లు వసూలు చేసిన ఓ కంపెనీది బలవంతపు వసూలేనని 2017లో శాన్‌ఫ్రాన్సిస్కో కోర్టు తేల్చింది.

మన దగ్గర షాపులకు ఇలాంటి ప్రత్యేక చట్టం లేదు. భారతీయ న్యాయ సంహిత 303(2) ప్రకారం 5,000 రూపాయల లోపు దొంగతనంలో తొలిసారి దోషిగా తేలినవారు సొత్తు తిరిగిస్తే శిక్ష సమాజ సేవే. షాపువాళ్లు పోలీసులకు ఫిర్యాదు చేయొచ్చు. గదిలో నిర్బంధించి పదింతలు వసూలు చేసే హక్కు మాత్రం ఏ షాపుకూ లేదు.

దొంగతనం తప్పే. దానికి శిక్ష వేయాల్సింది కోర్టు, షాపు కాదు. ఇలాంటి ఉత్తరం వచ్చిందని అమెరికా నుంచి పిల్లలు ఫోన్ చేస్తే కంగారుపడి డబ్బు పంపకండి, ఉత్తరం చింపేయమనీ చెప్పకండి. క్రిమినల్ కేసులూ ఇమ్మిగ్రేషన్ చట్టమూ రెండూ తెలిసిన లాయర్‌ను ముందు కలవమనండి. పిల్లల్ని విమానం ఎక్కించే కన్సల్టెన్సీలూ ఈ మాట ముందే చెప్పాలి.