ఎర్ర చుక్క మీద మన పేరు రాసి ఉందా?



దిల్‌సుఖ్‌నగర్ కోచింగ్‌ల ఒకాయన ఫోన్‌లో మ్యాప్ చూపించిండు. నల్లమల మీద ఎర్ర చుక్కలు, పొగ. "మీవాళ్ల పోడే కదా?" అని నవ్విండు. ఎల్బీనగర్ హాస్టల్‌కు వచ్చేదాకా మాకు నోట మాట రాలే. ఇప్పుడు చెప్తున్నం.

ఆ చుక్క మంట ఫొటో కాదు. మోడిస్ సెన్సర్‌కైతే కిలోమీటరు, వీర్స్‌కైతే 375 మీటర్ల గడి. ఆ గడిలో ఎక్కడో వేడి ఎక్కువుందని లెక్క, అంతే. ఆ డేటాను మన పక్కన షాద్‌నగర్‌లోనే ఎన్ఆర్‌ఎస్‌సీ దించుకుంటది. డెహ్రాడూన్‌లోని ఫారెస్ట్ సర్వే 2004 నుంచి రాష్ట్రాలకు హెచ్చరికలు పంపుతున్నది. మంచిదే, మంట ఆర్పనీకి అది కావాలె. పొగ ఎటు పోతున్నదో కూడా పైనుంచి కనిపిస్తది. కానీ పొగ గాలిని బట్టి పోతది, పొగ కమ్మిన ఊరే మంట పెట్టిన ఊరు కాదు. అగ్గిపుల్ల గీసిన చెయ్యి ఏ ఉపగ్రహానికీ కనిపించదు.

ఇప్పపువ్వు ఏరనీకి మనోళ్లు కొందరు చెట్టు కింద ఆకులు కాలుస్తరు. దాచం, అది మానాలె. మరి తునికాకు చిగుర్ల కోసం పెట్టించే మంటలో? శ్రీశైలం రోడ్డు మీద కార్లలోంచి విసిరే సిగరెట్లో? ఆ చుక్కలూ ఎర్రగనే ఉంటయి.

మంట లేస్తే పచ్చికొమ్మలు పట్టుకొని ఆర్పేటోళ్లల్ల మన పెంటల పిల్లలున్నరు. అడవిని కాపాడే అధికారం గ్రామసభకు 2006 అటవీ హక్కుల చట్టమే ఇచ్చింది. చుక్క పడ్డచోటికి నడిచి పోండి, గ్రామసభను అడగండి. కారణం ఆ తర్వాత రాయండి.