కుందేలుకు పాలసీ కన్నా ముందు డాక్టరును వెతకండి

పరీక్షలు అయిపోతాయి, పిల్లలు మారాం చేస్తారు, కుందేలు పిల్ల ఇంటికొస్తుంది. ఈ మధ్య దాని వెంటే ఇంకో ప్రశ్నా వస్తోంది: దీనికి ఇన్సూరెన్స్ చేయిస్తే పోలా? అడగదగ్గ ప్రశ్నే. కాని పాలసీ దొరికితే చాలు, ఇక బెంగ లేదు అనుకోవడం మాత్రం ఈ ఎండల్లో దాని ప్రాణం మీదికే తెస్తుంది.

మన దేశంలో పెంపుడు జంతువుల బీమా అంటే ప్రధానంగా కుక్కలకు, ఆ తర్వాత పిల్లులకు. కుందేలు మాట వినిపించేది పశువుల బీమాలో. నేషనల్ లైవ్‌స్టాక్ మిషన్ కింద గొర్రెలు, మేకలు, పందులతో పాటు కుందేళ్లకూ రాయితీ బీమా ఉంది. పది కుందేళ్లను ఒక యూనిట్‌గా లెక్కగడతారు. ప్రీమియంలో రైతు వాటాను 2024లో 15 శాతానికి తగ్గించారు. మంచిదే, కాని అది ఫారం పెట్టుకున్నవాళ్ల కోసం. జంతువు చచ్చిపోతే నష్టపరిహారం చేతికొస్తుంది, అంతే. మీ బాల్కనీలో గెంతులేసే కుందేలుకు పళ్లు అరగదీయించిన బిల్లు అందులో రాదు. కాబట్టి కుందేలుకు బీమా ఉందని ఎవరన్నా చెబితే, చచ్చాక ఇచ్చేదా, వైద్యానికి ఇచ్చేదా అని ముందు నిలదీయండి. ఏజెంటు నోటిమాట చాలదు. పాలసీ పత్రంలో కుందేలు పేరు అచ్చులో కనపడాలి.

అసలు భయం వేరే ఉంది. కుందేలు పేగు ఎప్పుడూ కదులుతూనే ఉండాలి. పంటి నొప్పి వల్లనో, ఎండ వల్లనో, ఎండుగడ్డి పెట్టకుండా బిస్కెట్లు, క్యారెట్లతో సరిపెట్టడం వల్లనో అది తిండి మానేస్తే పేగు మందగిస్తుంది. గ్యాస్ నిండుతుంది. ఆ నొప్పికి ఇంకా తినదు. పొద్దున్నే ట్రే చూడండి. రోజూ శనగగింజల్లా గుండ్రంగా ఉండే పెంటికలు చిన్నవైపోయినా, వంకరపోయినా, అసలే లేకపోయినా అది సూచన. దానికి తోడు కుందేలు మూలన ముడుచుకుని పళ్లు పటపట కొరుకుతుంటే సాయంత్రం దాకా ఆగకండి. పది పన్నెండు గంటలు ఏమీ ముట్టలేదంటే ఎమర్జెన్సీయే. ఆ రాత్రి కౌంటర్ దగ్గర డబ్బు కట్టాల్సింది మీరే. పాలసీ ఉన్నవాళ్లకైనా సాధారణంగా కట్టిన డబ్బు తర్వాతెప్పుడో తిరిగొస్తుంది.

ఖర్చుకు జంకి సొంత వైద్యానికి దిగేవాళ్లకు మరీ గట్టిగా చెప్పాలి. పిల్లలకు వాడగా మిగిలిన అమాక్సిసిలిన్ సిరప్ కుందేలు నోట్లో పోయకండి. పేగులోని మేలు చేసే సూక్ష్మజీవులు నశించి, రోజుల్లోనే ప్రాణం పోవచ్చు. కుక్కకు గోమార్లు పోవడానికి మెడ మీద వేసే ఫిప్రోనిల్ చుక్కలు కుందేలుకు విషం. ఇక ఎండ సంగతి. 30 డిగ్రీలకే అది ఇబ్బంది పడుతుంది. రెంటచింతలలో, రామగుండంలో అదేపాటి ఎండ? బోను బాల్కనీలో ఉంటే ఇవాళే ఇంట్లో చల్లని గదిలోకి మార్చండి. గడ్డకట్టిన నీళ్ల సీసాకు గుడ్డ చుట్టి పక్కన పెట్టండి.

అమెరికా, బ్రిటన్‌లలో ఉన్న మనవాళ్ల లెక్క వేరు. బ్రిటన్‌లో పెట్‌ప్లాన్ వంటి కంపెనీలు కుందేలుకు పాలసీ ఇస్తాయి. అమెరికాలో పేగు ఆగి ఆసుపత్రిలో పెట్టాల్సి వస్తే బిల్లు వందల డాలర్లలో, ఆపరేషన్ దాకా వెళ్తే వేలల్లో ఉంటుంది. అక్కడ బీమా దండగ అనను. కాని కొనేదేదో పిల్లగా ఉన్నప్పుడే కొనాలి. కుందేలు పళ్లు బతికినంతకాలం పెరుగుతూనే ఉంటాయి. వంకరపళ్లని ఒక్కసారి డాక్టరు రికార్డులో రాశారంటే, తర్వాత తీసుకున్న పాలసీలో అది పాత జబ్బు కిందికే పోతుంది. పళ్ల వైద్యాన్ని పూర్తిగా మినహాయించిన పాలసీలూ ఉంటాయి, ముందు ఆ పేజీ తెరవండి. టీకాలు వేయించకపోతే ఆ జబ్బుల క్లెయిమ్ నిలవదు. బ్రిటన్‌లో మిక్సోమాటోసిస్‌కీ, కుందేళ్ల రక్తస్రావ వ్యాధికీ టీకాలున్నాయి. ఆడ కుందేలైతే గర్భసంచి తీయించే ఖర్చు మామూలుగా మీదే. అయినా తీయించండి. వయసు పైబడిన ఆడ కుందేళ్లలో గర్భాశయ క్యాన్సర్ చాలా ఎక్కువ.

ఇక్కడున్నవాళ్లు ప్రీమియం కడుతున్నామనుకుని నెలకు 500 రూపాయలు విడిగా వేసుకోండి. ఏడాదికి ఆరు వేలు. కుందేలు పదేళ్ల దాకా బతకగలదు కనుక ఆ ఖాతాను మధ్యలో కదపకండి. అంతకన్నా తొందరపడాల్సింది డాక్టరు విషయంలో. కుక్కల్ని చూసే ప్రతి క్లినిక్కూ కుందేలును చూడలేదు. రాజేంద్రనగర్, తిరుపతి, గన్నవరం వెటర్నరీ కాలేజీల ఆసుపత్రులకైనా, మీ వీధి చివరి క్లినిక్కైనా జబ్బు రాకముందే ఫోన్ చేయండి. కుందేళ్లను చూసేవాళ్లు ఉన్నారా, ఆదివారం రాత్రి ఎవరుంటారు అని అడగండి. ఆపరేషన్‌కు ముందు రాత్రంతా పస్తుంచాలా అని కూడా అడగండి. కుందేలుకు వాంతి కాదు, దాన్ని పస్తుంచకూడదు. అవతలివాళ్లు పస్తుంచమంటే ఇంకో డాక్టరును వెతుక్కోండి.