పినాకిని ఋణము

నంది కొండల శ్రేణిలో పుట్టిన రెండు నదులకు పినాకిని యని పేరు. ఉత్తర పినాకిని అనంతపురము, కడప సీమలను దాటి నెల్లూరు చేరును, మనకది పెన్నేరు. దక్షిణ పినాకిని బెంగళూరు తూర్పు పొలిమేరలను తాకుచు, హోసూరు, కృష్ణగిరి ప్రాంతముల మీదుగా సాగి కడలూరు వద్ద సముద్రమున కలియును. అక్కకు చేతులు జోడించు మనము చెల్లెలికి చేయుచున్న మర్యాద యేమో ఒకమారు విచారించుకొనవలసియున్నది.

మన నగరము 900 మీటర్లకు పైబడిన ఎత్తున గట్టుమీద నున్నది. ఇంటింట వాడిన నీరు పల్లమునకే పారును. కోరమంగల–చల్లఘట్ట లోయలోని మురుగు బెళ్లందూరు, వర్తూరు చెరువుల గుండా పినాకినికి చేరుచున్నది. బెళ్లందూరు చెరువున 2015లోను, మరల 2017, 2018లలోను మంటలు లేచిన వార్త దేశమంతట మారుమ్రోగినది. హోసూరు చెంత కెలవరపల్లి జలాశయమున నురుగు గుట్టలుగా తేలుట పలుమార్లు జరిగినది.

ఈ లోయలోని శుద్ధి కేంద్రముల నీటిని దినమునకు 44 కోట్ల లీటర్ల చొప్పున ఎత్తిపోసి, ముఖ్యముగా కోలారు జిల్లాలోని 126 చెరువులను నింపు పథకము 2018 జూన్‌లో ఆరంభమైనది. వేయి అడుగులు దాటి బోర్లు త్రవ్వినను నీరు కానరాని సీమ అది. ఇంట తెలుగు మాటాడు కుటుంబములు అక్కడ అసంఖ్యాకములు. మనలో పలువురకు చుట్టరికములు నున్నవి. చెరువులు నిండిన పిమ్మట భూగర్భజలమట్టము పెరిగినదని భారతీయ విజ్ఞాన సంస్థ పరిశీలకులు తెలిపిరి. ఈ మేలును మేము మనసార శ్లాఘించుచున్నాము.

అయినను ఆ 2018 జూలైలోనే లక్ష్మీసాగరము చెరువున నురుగు పొంగినది, వివాదము న్యాయస్థానములకెక్కినది. రైతుల భయము నిరాధారమైనది కాదు. శుద్ధి కేంద్రమున తొలుత ఇనుప జల్లెడలు చెత్తను, తొట్లు ఇసుకను, మడ్డిని ఆపును. పిదప గాలి నింపిన తొట్లలో సూక్ష్మజీవులు కరగిన కల్మషమును ఆహారముగా గ్రహించును. ఇది రెండవ దశ. సబ్బుపొడుల ఫాస్ఫేటులు, కర్మాగారముల భారలోహములు ఇంతటితో పూర్తిగా తొలగవు. చెరువు నీరు ఇంకి బావి నీరగును గదా! అందులకే అచటి రైతు సంఘములు మూడవ దశ శుద్ధిని చాలకాలముగా కోరుచున్నవి.

2024 అక్టోబరులో కావేరి అయిదవ దశ ఆరంభమై, దినమునకు మరి 77.5 కోట్ల లీటర్లు నగరమునకు తెచ్చు ఏర్పాటు జరిగినది. ఇంటికి వచ్చిన నీటిలో నూటికి సుమారు 80 పాళ్లు మురుగుగా మరలునని ఇంజనీర్ల లెక్క. మంచినీటి గొట్టము వచ్చిన దినమున పండుగ చేసికొన్నవారు మురుగు మాట మరచిన, ఆ భారము పల్లెల పాలగును.

కనుక ప్రభుత్వమునకును, జలమండలికిని మా విన్నపములు రెండు. చెరువులకు పంపు నీటికి మూడవ దశ శుద్ధిని తప్పనిసరి చేయవలెను. నీటి పరీక్షల ఫలితములను ప్రతి మాసము ఆయా చెరువు కట్టలమీద కన్నడమునను, తెలుగువారు మెండుగానున్న గ్రామములలో తెలుగునను ప్రకటింపవలెను. ఎవరి పొలమునకు ఆ నీరు పారుచున్నదో, వారికి తెలిసిన భాషలో దాని గుణదోషములు చెప్పుట దయ కాదు, ధర్మము.

మన పాఠకులకు సైతము ఒక మాట. వాననీటి గొట్టమును మురుగు కాలువకు కలుపరాదు. పొంగిన మురుగు శుద్ధికి నోచుకొనక రాజకాలువల పాలగును. మిగిలిన మందులు, వాడిన నూనె, రంగులు తొట్టిలో పోయరాదు. మలగుంట తోడు ట్యాంకరు ఎచ్చట ఖాళీ యగుచున్నదో అడిగి తెలిసికొనవలెను. తరతరములుగా ఈ ఊరి నీరు త్రాగి పెరిగినవారము. మనము వాడి విడిచిన నీరు నేడు మన బంధువుల చేలకు పోవుచున్నది. దానిని శుభ్రముగా పంపుట మన విధి.