మగ్రిబ్ లోపు ఇల్లు చేర్చే బస్సు కావాలి

మా నందికొట్కూరు పటేల్ సెంటర్లో పొద్దున్నే నిలబడి చూడండి. బురఖాల్లో కొందరు, యూనిఫాంలలో కొందరు, భుజాన సంచులతో ఆడపిల్లలు. అందరి నజర్ కర్నూలు బస్సు మీదే. మా ఊరికి రైలు లేదు. పెద్ద చదువుకైనా, పెద్ద ఇలాజ్‌కైనా, షాదీ బట్టలకైనా సుమారు 30 కిలోమీటర్ల ఈ సడకే దిక్కు.

2022 ఏప్రిల్‌లో మమ్మల్ని నంద్యాల జిల్లాలో కలిపారు. కాగితాలు నంద్యాలకు పోయాయి, మనుషులు మాత్రం కర్నూలుకే పోతున్నారు. పెద్దాసుపత్రి అక్కడే. డాక్టర్ అబ్దుల్ హక్ సాబ్ 1947లో స్థాపించిన ఉస్మానియా కాలేజీ అక్కడే. కర్నూలు శివార్లలో ఇంజనీరింగ్ కాలేజీలున్న దారికి పేరే నందికొట్కూరు రోడ్డు.

2025 ఆగస్టు 15 నుంచి స్త్రీ శక్తి పథకం వచ్చింది. పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్లకు చార్జీ లేదు. షుక్రియా చెప్పాల్సిందే. రోజూ చిల్లర లెక్కపెట్టి బిడ్డ చేతిలో పెట్టే అమ్మీలకు అదెంత ఆసరానో నాకు తెలుసు. కానీ చార్జీ మాఫీ ఒక్కటే చాలదు. ఎక్కడానికి బస్సుండాలి, అది వేళకు రావాలి.

మా గల్లీలో ఒక బిడ్డ డిగ్రీ రెండో సంవత్సరం చదువుతోంది. మొన్న సాయంత్రం రెండు బస్సులు నిండిపోయి ఆగకుండా వెళ్లిపోయాయట. ఇల్లు చేరేసరికి ఇషా అజాన్ అవుతోంది. అబ్బా ఏమీ అనలేదు. మర్నాడు ఫూఫీ అంది: "పఢీ సో బస్, అబ్ రిష్తా దేఖో." చదివింది చాలు, సంబంధం చూడండని.

కాలేజీలు వదిలే వేళకు ఈ దారిలో బస్సులు పెంచమని అడగడం మన హక్కు. ఖైరాత్ కాదు. అడుగుదాం. అదే నోటితో మనల్నీ ఒక సవాల్ అడుక్కుందాం. అదే బస్సు దొరక్క ఆమె తమ్ముడు రాత్రి తొమ్మిదికి వస్తే, "పాపం, అలసిపోయాడు, ఖానా పెట్టండి" అంటాం. వాడి చదువు మాన్పించే మాటే రాదు. బస్సు ఆలస్యానికి సజా ఆడబిడ్డకే ఎందుకు?

ఆ బిడ్డ ప్రస్తుతానికి కాలేజీకి పోతోంది. పరీక్షల దాకానే అని షర్తు. ఈలోపు నేనొక అర్జీ రాస్తున్నాను. జుమా నమాజ్ అయ్యాక మస్జిద్ బయట ఉంటాను. అబ్బాలు, మామూలు, భాయీలు దస్తఖత్ చేయండి. మీ ఇంటి అమ్మీల దస్తఖత్ కూడా తీసుకురండి.