ఆమె జడ వేసుకోగలుగుతోందా?

ఒకసారి గూడ జారినవాళ్ళకి చేయి పైకెత్తి వెనక్కి తిప్పాలంటే గుండె దడ. డాక్టరు పరీక్షించేటప్పుడూ చేతిని అలాగే తిప్పి, ముఖంలో బెదురు కనబడుతుందేమో చూస్తాడు. ఆడవాళ్ళు రోజూ తల దువ్వి జడ వేసుకునేటప్పుడు చేతులుండే తీరు దాదాపు అదే.

గూడ జారడం మగవాళ్ళలో ఎక్కువ. ఆటల్లో, ప్రమాదాల్లో కీలు ముందుకు తొలగి, దాని అంచు చిరుగుతుంది. ఆ చిరుగును కుట్టే పద్ధతిని లండన్ సర్జన్ బ్యాంకార్ట్ 1923లో ప్రచురించాడు. ఆడవాళ్ళలో దెబ్బ తగలకపోయినా కీళ్ళు వదులుగా ఉండి, భుజం అన్ని వైపులా జారే రకం ఎక్కువగా కనబడుతుంది. దానికి మొదటి వైద్యం కత్తి కాదు, నెలల తరబడి వ్యాయామం. కూలి మానుకొని, బస్సెక్కి ఇక్కడి రాయపూర్ ఎయిమ్స్‌కో, ప్రభుత్వ వైద్య కళాశాల ఆసుపత్రి మేకాహారాకో వారం వారం రావడం ఎందరికి కుదురుతుంది?

ఆపరేషన్ తరవాత మళ్ళీ జారడంలో ఆడా మగా మధ్య పెద్ద తేడా లేదని చాలా అధ్యయనాలు చెబుతున్నాయి. ఆ మాటతో నాకు తృప్తి లేదు. వాటిలో చేరినవాళ్ళలో ఎక్కువమంది మగవాళ్ళే. పైగా, కదపని చేయి జారదు. కూతురిచేత జడ వేయించుకుని, ముందు హుక్కుల జాకెట్టుకి మారి, అటక మీది డబ్బా కిందికి దించుకున్న మనిషి కూడా లెక్కలో 'నయమైంది' అనే పడుతుంది. ఇది నయం కావడం కాదు, సర్దుకుపోవడం.

రోగినే అడగాలని పట్టుబట్టినవాళ్ళలో కెనడా సర్జన్ అలెగ్జాండ్రా కిర్క్‌లీ ఒకరు. ఆమె బృందం 1998లో భుజం జారేవాళ్ళ కోసం 21 ప్రశ్నల పత్రం తెచ్చింది. భయం, నిద్ర, చిరాకు, అన్నీ అడిగారు. గొప్ప పని. కానీ అందులో ఆటల గురించి ఉంది, జడ గురించి లేదు. చంకన బిడ్డ గురించి లేదు.

పరిశోధన ఫలితాలను ఆడవాళ్ళకీ మగవాళ్ళకీ విడిగా చూపాలని 2016లోనే అంతర్జాతీయ మార్గదర్శకాలు వచ్చాయి. రాయపూర్‌లోని ఈ రెండు పెద్దాసుపత్రులూ ఇంకో అడుగు వేయాలి. ఆపరేషనైన ఏడాదికీ, రెండేళ్ళకీ పిలిచి అడగాలి: జడ వేసుకుంటున్నావా, తీగ మీద బట్టలారేస్తున్నావా, నిండు బిందె ఎత్తుతున్నావా? ఆ కాగితం హిందీలో, ఛత్తీస్‌గఢీలో, ఇక్కడి రైల్వే కాలనీల మన వాళ్ళ కోసం తెలుగులోనూ ఉండాలి. జవాబు పక్కనున్న మొగుడో కొడుకో కాదు, ఆమే చెప్పాలి.