మన వీధులను ఎవరు కొలవాలి?

పాతబస్తీ వీధుల ప్రస్తావన వచ్చినప్పుడల్లా అధికారుల నోట రెండు మాటలే వినిపిస్తాయి: ఇరుకు, ఆక్రమణ. మొదటి మాట వెనుక రోడ్డు విస్తరణ నోటీసు వస్తుంది. రెండవ మాట వెనుక తోపుడుబండ్లను ఎత్తుకుపోయే లారీ వస్తుంది. రెండూ వాహనంలో కూర్చున్న మనిషి చూపులోనుంచి పుట్టినవే. నడిచే మనిషికి ఆ వీధి ఎలా ఉన్నదన్న ప్రశ్న ఆ ఫైళ్ళలో కనబడదు. ప్రభుత్వ కార్యాలయాల్లో జీవితం గడిపిన మాబోటి వారికి ఒక సంగతి బాగా తెలుసు. అంకె లేని అర్జీ బల్ల మీదినుంచి కదలదు.

నడక అనుభవాన్ని కొలవడం సాధ్యమేనా అని కొందరు నవ్వుతారు. సాధ్యమే. అమెరికాలో రీడ్ యూయింగ్, సూసన్ హ్యాండీ అనే పరిశోధకులు 2009లో ప్రచురించిన అధ్యయనంలో నిపుణులకు వీధుల వీడియోలు చూపించి మార్కులు వేయించారు. ఆ మార్కులకు వీధిలోని ఏయే లక్షణాలు కారణమో లెక్కగట్టారు. ఐదు గుణాలు తేలాయి: మనసులో నిలిచిపోయే రూపం, ఇరువైపుల కట్టడాలు కల్పించే గది వంటి ఆవరణ, మనిషి కొలతకు తగిన పరిమాణం, గోడల వెనుక జీవితం బయటికి కనిపించడం, వైవిధ్యం. వీటిని లెక్కించడానికి ఖరీదైన యంత్రాలేవీ అక్కరలేదు. వీధి వెంట నడుస్తూ పాత కట్టడాలు, నేల అంతస్తు కిటికీలు, రంగులు, ఎదురయ్యే మనుషులు, చప్పుడు వీటిని కాగితం మీద రాసుకుంటే చాలు.

ఈ కొలతబద్దను లాడ్ బజారు మీద పెట్టి చూడండి. పక్కపక్కనే చిన్న చిన్న దుకాణాలు, వీధిలోకి తెరచి ఉంచిన గాజుల వరుసలు, పెద్దగా ఎత్తులేని కట్టడాలు, ఒక చివర 1591 నాటి చార్మినార్, రోజంతా నడిచే జనం. చప్పుడు విషయంలో మార్కులు పోవచ్చు గాని, తక్కిన వాటిలో అద్దాల మేడల మధ్య వేసిన ఏ వెడల్పాటి రోడ్డు దీనికి సాటి వస్తుంది? ఆ ఐదు గుణాలలో వెడల్పు లేనే లేదు. అధికారులు లోపమని రాసుకున్న ఇరుకుతనమే ఇక్కడ ఆవరణ అనే గుణమైంది!

అయితే అమెరికా పద్ధతి మనకు సగమే పనికివస్తుంది. మన గల్లీలో ముందుగా అడగవలసింది అడుగు ఎక్కడ వేయాలి అని. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 2012లో సవరించిన మార్గదర్శకాల ప్రకారం ఫుట్‌పాత్ మీద ఏ అడ్డూ లేకుండా కనీసం 1.8 మీటర్ల వెడల్పు, 2.2 మీటర్ల ఎత్తు ఖాళీగా ఉండాలి. అంచు ఎత్తు 150 మిల్లీమీటర్లు మించరాదు. ఒక చేత్తో బిడ్డను, మరో చేత్తో బురఖా కుచ్చిళ్ళను పట్టుకొని మోకాలెత్తు ఫుట్‌పాత్ ఎక్కలేక వాహనాల మధ్య నడిచే మన ఆడపడుచులను చూసినవారికి ఆ 150 అంకె విలువ తెలుస్తుంది. ఫజ్ర్ నమాజుకు చీకట్లో బయలుదేరే వృద్ధులకు మూతలేని మ్యాన్‌హోల్, వెలగని దీపం ప్రాణాంతకాలు.

జనాజా సంగతి ఏ మార్గదర్శకమూ అడగదు. మన మొహల్లాల్లో జనాజాను భుజాల మీద మోస్తాము. దారిలో కలిసినవారు సైతం నాలుగడుగులు భుజం పడతారు. ట్రాన్స్‌ఫార్మర్ గద్దెకూ వరుసగా నిలిపిన మోటారు సైకిళ్ళకూ మధ్య ఆ డోలా పక్కకు వాలకుండా సాగగలదా? మన వీధి కొలతలో ఇది ఒక ప్రశ్నగా ఉండి తీరాలి. కొలిచేది మనమైతే తప్ప ఆ ప్రశ్న పుట్టదు.

ఇక పాదచారుల పేరు చెప్పి చిరువ్యాపారులను తరిమే వాదన ఒకటున్నది. ఫుట్‌పాత్ మీద నడిచే హక్కు రాజ్యాంగం 21వ అధికరణంలో భాగమని సుప్రీంకోర్టు 2025 మే నెలలో చెప్పింది. మేము దానిని మనసారా స్వాగతిస్తున్నాము. కాని 2014 నాటి వీధి వ్యాపారుల చట్టం కూడా పార్లమెంటు చేసినదే కదా! సర్వే పూర్తయి ధ్రువపత్రాలు ఇచ్చేదాకా ఎవరినీ తొలగించరాదని ఆ చట్టం 3వ సెక్షన్ చెబుతున్నది. జనాభాలో 2.5 శాతం దాకా వ్యాపారులకు చోటు కల్పించాలన్నది అందులోని ప్రమాణం. టౌన్ వెండింగ్ కమిటీలో 40 శాతానికి తగ్గకుండా వ్యాపారుల ప్రతినిధులుండాలి. వారిలో మైనారిటీలకూ తగిన ప్రాతినిధ్యం ఉండాలని చట్టమే స్పష్టంగా అంటున్నది. 1.8 మీటర్ల దారి విడిచి బండి పెట్టుకోవడానికి వీలున్న చోట బండిని ఎత్తివేయడం పాదచారికి చేసే మేలు కాదు. రాత్రి ఇషా తర్వాత ఆ బండి దీపమూ, అక్కడ నిలబడ్డ నలుగురు మనుషులూ ఒంటరిగా వెళ్ళే ఆడపిల్లకు ఎంతో ధైర్యం.

మనవారితోనూ ఒక మాట. దుకాణం మెట్లను వీధిలోకి దించినవారు, శుక్రవారం మస్జిదు ముందు దారి మూసేలా బండ్లు నిలిపేవారు పరాయివారు కారు. దారిలోని హానికర వస్తువును తొలగించడం విశ్వాసంలో భాగమని దైవప్రవక్త (స) బోధించారని ప్రసంగాలలో వింటూనే ఉన్నాము. నమాజుకు వచ్చి పొరుగువాడి నడకకు అడ్డు నిలవడం ఏ విధమైన ధార్మికత?

చార్మినార్ చుట్టూ వాహనాలను ఆపి నడకదారి చేయాలన్న పథకం 1990ల నాటిది. పరచిన రాళ్ళు పర్యాటకుల ఫోటోలకు బాగున్నాయి. ఆ రాళ్ళు ముగిసిన చోట మన ఇళ్ళు మొదలవుతాయి. ఇప్పుడు ఎం.జి.బి.ఎస్. నుంచి చాంద్రాయణగుట్ట దాకా 7.5 కిలోమీటర్ల మెట్రో కోసం రోడ్డు వెడల్పవుతున్నది. మెట్రోను మేము వ్యతిరేకించడం లేదు. స్టేషను దిగినవారు గల్లీలోకి ఎలా నడుస్తారో, వెడల్పయిన రోడ్డును బడిపిల్లలు ఎలా దాటుతారో కొలిచి చూపమంటున్నాము.

అందుకే ప్రతి మస్జిదు కమిటీకీ, యువజన సంఘానికీ మా విన్నపం. ఒక టేపు, ఒక నోటుపుస్తకం తీసుకోండి. ఇంటినుంచి మస్జిదుకు, బడికి, ఆసుపత్రికి, ఖబరస్థాన్‌కు వెళ్ళే దారులను ఫజ్ర్ వేళ ఒకసారి, బడి విడిచే వేళ ఒకసారి, ఇషా తర్వాత ఒకసారి నడిచి కొలవండి. కొలిచేవారిలో సగంమంది మహిళలుండాలి. వారు చూసే అడ్డంకులు మగవారి కంటికి ఆనవు. వార్డు కార్యాలయంలో అర్జీ ఇచ్చి, రెండవ ప్రతి మీద ముద్ర వేయించుకోండి. వెండింగ్ కమిటీలో మైనారిటీ సభ్యులెవరో, చివరి సర్వే ఎప్పుడు జరిగిందో 2005 సమాచార హక్కు చట్టం కింద అడగండి. జవాబుకు గడువు 30 రోజులు.