స్థిరపడటమూ ఒక ఆస్తే

కొత్త హెచ్-1బి దరఖాస్తుపై లక్ష డాలర్ల రుసుమును అమెరికా అధ్యక్షుడు 2025 సెప్టెంబరు 19న ప్రకటించిన రాత్రి, కృష్ణా డెల్టాలో నిద్రపోని ఇళ్లు చాలానే ఉన్నాయి. అక్కడే ఉండి వీసా మార్చుకునే విద్యార్థులకు ఇది వర్తించదని అక్టోబరులో వివరణ వచ్చేదాకా బెంజి సర్కిల్ చుట్టుపక్కల కన్సల్టెన్సీల్లో ఆందోళన తగ్గలేదు. ఆ రోజుల్లో సాగిన చర్చంతా ‘తెలుగువారి భవిష్యత్తు’ గురించే. ఏ తెలుగువారి భవిష్యత్తు అన్న ప్రశ్న మాత్రం దాదాపు వినిపించలేదు.

మన వాడుకలో ‘సెటిలవడం’ అనే మాట ఉంది. డల్లాస్‌లో ఇల్లు కొన్న కొడుకు సెటిలయ్యాడు. న్యూజెర్సీలో కాపురం పెట్టిన కూతురు సెటిలైంది. ఏడేళ్లు కువైట్‌లో ఇంటిపని చేసి తిరిగొచ్చిన స్త్రీ గురించి ఆ మాట ఎవరూ వాడరు. ఆమె ‘కువైట్ వెళ్లొచ్చింది’, అంతే. ఇంటిపని వీసా ఆమె భర్తనూ పిల్లలనూ వెంట రానివ్వదు. ఆమె సంపాదనతో పెరిగిన పిల్లలు ఆమెను ఫోన్ తెరమీదే చూస్తూ పెరిగారు. పరాయి దేశంలో కుటుంబంగా కాపురం పెట్టడం అనేదే కొందరికి మాత్రమే అందిన వీలు. ఆ వీలు ఎలా పంపిణీ అవుతున్నదో చూడకుండా ప్రవాసం గురించి మాట్లాడటం సగం మాటే.

ఒక కుటుంబం అమెరికాలో దిగిన తొలి ఆరు వారాలు గమనించండి. విమానాశ్రయానికి కారుతో ఎవరో రావాలి. క్రెడిట్ చరిత్ర లేనివారికి అద్దె ఇల్లు తేలిగ్గా దొరకదు కనుక ఎవరో హామీ నిలవాలి, లేదా తమ ఇంట్లో నెలరోజులు ఉండనివ్వాలి. పిల్లవాణ్ణి బడిలో చేర్చడానికి చిరునామా రుజువు కావాలి. డ్రైవింగ్ నేర్పేవారు కావాలి. ఉద్యోగానికి కంపెనీ లోపలి మనిషి ‘రెఫరల్’ కావాలి. వీటిలో చాలావరకు డబ్బుతో కొనుక్కునేవి కావు, ‘మనవాళ్లు’ ఇచ్చేవి. మనవాళ్లెవరో తేలడానికి రెండు ప్రశ్నలు చాలు: ఊరేది, ఇంటిపేరేది. అప్పటికీ తేలకపోతే మూడోది ఉంది: ఊళ్లో ఏ వైపు?

మా దగ్గర చదివి టెక్సాస్ చేరిన ఒక దళిత విద్యార్థి పెళ్లయ్యాక భార్యనూ తీసుకెళ్లాడు. నాలుగు నెలల తర్వాత ఫోన్‌లో అతను చెప్పింది అవమానం గురించి కాదు. ‘ఎవరూ ఏమీ అనలేదు సార్. పామర్రు దగ్గర ఊరనగానే చాలా సంతోషించారు. ఇంటిపేరు చెప్పాక కూడా మర్యాదగానే మాట్లాడారు. ఆ తర్వాత ఫోన్ ఎత్తలేదు.’ ఆ దంపతులు తొలి నెల మోటెల్‌లో గడిపారు, చదువు కోసం తెచ్చిన బ్యాంకు అప్పులో మిగిలిన డబ్బుతో.

ఫోన్ ఎత్తకపోవడాన్ని ఏ చట్టం పట్టుకోగలదు? సియాటిల్ నగరం 2023 ఫిబ్రవరిలో కుల వివక్షను నిషేధించింది. అమెరికాలో అలా చేసిన మొదటి నగరం అదే. అదే ఏడాది కాలిఫోర్నియా శాసనసభ ఆమోదించిన బిల్లును గవర్నర్ అక్టోబరులో తిరస్కరించాడు, ఉన్న చట్టాలే చాలునన్నది ఆయన వాదన. సిస్కో కంపెనీపైనా, ఇద్దరు మేనేజర్లపైనా కాలిఫోర్నియా ప్రభుత్వ విభాగం 2020లో వేసిన దావాలో మేనేజర్లపై ఆరోపణలను 2023లో ఆ విభాగమే ఉపసంహరించుకుంది. ఈ చట్టాలు అవసరమే, వాటి కోసం పోరాడుతున్నవారితో నాకు విభేదం లేదు. అయితే అవి ఉద్యోగం నిరాకరించిన యజమానిని, ఇల్లు నిరాకరించిన ఓనరును ప్రశ్నించగలవు. సాయం చేయని పొరుగువాణ్ణి ప్రశ్నించలేవు, ప్రశ్నించకూడదు కూడా. కులం అక్కడ ఎక్కువగా పనిచేసేది మాత్రం ఈ సాయం దగ్గరే.

ఏ వలస సమాజమైనా తనవారికే ముందు సాయపడుతుంది, ఇందులో తప్పేముంది అంటారు. న్యాయమైన ప్రశ్నే. తెలుగు సంఘాలు ఆపదలో చేసే సేవను, ముఖ్యంగా అక్కడ మరణించినవారి భౌతికకాయాలను ఇంటికి చేర్చడంలో పడే శ్రమను తక్కువ చేయలేం. కానీ వట్టి చేతులతో ఓడ దిగిన కూలీలు ఒకరికొకరు ఆసరా కావడం వేరు, ఇక్కడి భూమిలో పుట్టిన బలం అక్కడిదాకా పాకడం వేరు. బెజవాడ దగ్గర కృష్ణ ఆనకట్ట 1855లో పూర్తయింది. కాలువ నీరు భూమి ఉన్నవారి చేలకు పారింది. మాల, మాదిగ పల్లెలు ఆ చేలకు పాలేర్లను, కూలీలను ఇచ్చాయి. కమ్మ, రెడ్డి, రాజు తదితర భూస్వామ్య కులాల చేతిలో వరి మిగులు రైసు మిల్లులుగా, సినిమా హాళ్లుగా, చివరికి కళాశాలలుగా మారింది. కానూరులో 1977లో సిద్ధార్థ ఇంజినీరింగ్ కళాశాల, విజయవాడలో 1980లో వైద్య కళాశాల వెలిశాయి. ప్రైవేటు కళాశాలల్లో కాపిటేషన్ రుసుమును నిషేధిస్తూ రాష్ట్రం 1983లో చట్టమే చేయాల్సి వచ్చిందంటే సీటుకు వెల ఎంతగా పలికిందో ఊహించవచ్చు. అమెరికా 1965 చట్టంతో వైద్యులకు, 1990 చట్టంతో ఇంజినీర్లకు తలుపులు తెరిచినప్పుడు గడప దగ్గర సిద్ధంగా నిలబడగలిగింది ఎవరో వేరే చెప్పనక్కరలేదు.

ఇందులో ఒక వింత ఉంది. ఈ డెల్టాను అమెరికాతో మొదట కలిపింది ఇంజినీర్లు కారు, 1842లో గుంటూరు చేరిన హేయర్ అనే లూథరన్ మిషనరీ. ఆ మిషన్‌లో చేరినవారిలో అత్యధికులు మాలలు, మాదిగలు. అంటే అమెరికాతో శతాబ్దం పైబడిన పరిచయం పల్లెది, వీసా మాత్రం ఊరిది. కెనడా మిషనరీల చదువుతో నిలదొక్కుకున్న, డెల్టాతో అల్లుకున్న దళిత క్రైస్తవ కుటుంబం కథను శివసాగర్ మేనకోడలు, న్యూయార్క్ సబ్‌వే కండక్టర్ సుజాత గిడ్ల 2017లో రాసేదాకా అలాంటి తెలుగువారు కూడా అక్కడున్నారని తెలియనివారే ఎక్కువ. తెలియకపోవడానికి కారణం సంఖ్యే. పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయం 2003 అధ్యయనంలో అక్కడి భారతీయ వలసదారుల్లో దళితులు, ఇతర కింది కులాలవారు కలిసి ఒకటిన్నర శాతమే. కార్నెగీ సంస్థ 2020 సర్వేలో తమకు కులం ఉందని చెప్పిన హిందువుల్లో పదింట ఎనిమిది మందికి పైగా అగ్రకులాలవారు. ఫీజు రీయింబర్స్‌మెంట్‌తో ఇంజినీరింగ్ చదివిన తొలితరం దళిత, వెనుకబడిన కులాల పిల్లలు ఇప్పుడిప్పుడే అటు కదులుతున్నారు. తలుపు ఇరుకవుతున్నదీ ఇప్పుడే.

స్థిరపడినవారి పట్టు ఇక్కడా సడలలేదు. గుడివాడ, ఉయ్యూరు చుట్టుపక్కల గ్రామాల్లో తాళం వేసిన మేడల పొలాలను కౌలుకు చేస్తున్నది ఎక్కువగా వెనుకబడిన కులాలవారూ దళితులే. 2019 నాటి పంట సాగుదారుల హక్కుల చట్టం కౌలు కార్డుకు యజమాని సంతకం కావాలంది. యజమాని అట్లాంటాలో ఉంటే, ఇష్టం లేకపోతే, కార్డు లేదు. కార్డు లేకపోతే పంట రుణం, పంట నష్టపరిహారం అందడం గగనమే.

ప్రభుత్వం చేయగలిగింది ఉంది. అంబేడ్కర్ పేరిట మొదలైన విదేశీ విద్యా సహాయాన్ని మరో పేరుతో 2022లో పునరుద్ధరించినప్పుడు క్యూఎస్ జాబితాలో తొలి 200 విశ్వవిద్యాలయాలకే పరిమితం చేశారు. పామర్రు కుర్రవాడు చేరగలిగిన మామూలు స్టేట్ యూనివర్సిటీ ఆ గీతకు అవతలే ఉండిపోయింది. ర్యాంకుల గీత చెరిపి, కుటుంబ ఆదాయాన్నే కొలమానంగా తీసుకోవాలి. ఫీజు, వీసా, విమాన ఛార్జీల దాకా ఆలోచించిన పథకం దిగిన తర్వాతి ఆరు వారాల గురించీ ఆలోచించాలి. తాడేపల్లిలో ప్రవాసుల కోసమే రాష్ట్ర ప్రభుత్వం నడిపే ఏపీఎన్ఆర్‌టీ సొసైటీ ఉంది. తెలుగువారు ఎక్కువగా ఉన్న నాలుగైదు నగరాల్లో నెలరోజుల బస, అద్దెకు హామీ, ఉద్యోగ మార్గదర్శకుల జాబితా ఆ సంస్థ ఏర్పాటు చేయవచ్చు. దరఖాస్తులో పాస్‌పోర్టు నంబరు, చేరబోయే విశ్వవిద్యాలయం, రాక తేదీ అడిగితే చాలు. వచ్చే ఆగస్టులో బయలుదేరేవారి జాబితాలు బెంజి సర్కిల్ కన్సల్టెన్సీల్లో ఇప్పటికే తయారవుతున్నాయి.